నీళ్లకు చెయ్యెత్తే మనిషి

ఇది రాయక తప్పని అవసరం ఒకటి వచ్చింది. మొన్న మాఘమాసంలో ఎల్లారెడ్డిలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల పంక్తిలో నా పక్కన ఇద్దరు పెద్దమనుషులు ఒక సన్నాయి వాయిద్యగాణ్ణి తలుచుకుంటున్నారు. ఆయన పోయి అప్పటికి ఇంకా సంవత్సరీకం కూడా కాలేదు.

"చెవుడొచ్చిందని అల్లుడే చేతులల్లకెంచి సన్నాయి గుంజుకున్నడట" అన్నాడు ఒకాయన.

"గుంజుకోక ఏం జేస్తడు? ముసలోడు ఇడువకపాయె" అన్నాడు రెండో ఆయన, పప్పు కలుపుకుంటూ.

ఆ అల్లుడు, సాయిలు, అదే పందిట్లో మాకు నాలుగు బారల దూరంలో కూర్చుని సన్నాయి కొనకు తగిలించి ఊదే పీకను నోట్లో పెట్టి తడుపుకుంటున్నాడు. ఆ మాటలు అతనికి వినబడ్డాయి. తల మాత్రం ఎత్తలేదు.

సన్నాయి చేతులు మారిన రోజు అక్కడ ఉన్నవాళ్లలో ఆయన పోగా మిగిలింది ముగ్గురం: సాయిలు, డోలు వాయించే పోచయ్య, నేను. సాయిలు తన గురించి తాను చెప్పుకునే మనిషి కాదు. పోచయ్యకు రాత రాదు. నేను కామారెడ్డి గంజి బజారులో బెల్లం దుకాణంలో తూకం పని చేసేవాణ్ణి. బడిలో నేర్చింది నాలుగు ఉర్దూ అక్షరాలే. తెలుగంతా మా వీధి పఠన మందిరంలో నేర్చుకున్నాను. అక్కడి రెండు అల్మారాలూ కింది అర నుంచి పై అర దాకా చదివానని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గర్వమే. ఆ పుస్తకాల్లో రాజులున్నారు, ఋషులున్నారు, సముద్రాలు దాటిన వర్తకులున్నారు. మా లింగంపేట దారిలో నడిచిన మనిషి మాత్రం ఒక్కడూ లేడు. అందుకని కూడా రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. "మేళమంటే నలుగురు. అండ్ల ఒక్కని పేరెందుకు?" అని ఆయనే అనేవాడు.

మనిషి పొట్టి. బుగ్గలు మాత్రం పెద్దవి. ఏళ్ల తరబడి గాలి నింపీ వదిలీ అవి సాగిపోయి, ఊరికే ఉన్నప్పుడు కాస్త జారినట్టుండేవి. అందరూ చెవి మీద బీడీ పెట్టుకుంటే ఆయన ఒక చెవి మీద బీడీ, రెండో చెవి మీద సన్నాయి పీక పెట్టుకునేవాడు. ఒకసారి ఆలోచనలో పడి పీకను నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల గీశాడని పోచయ్య ఊరూరా చెప్పేవాడు. "అంటుకున్నది గూడ. మూడు దమ్ములు గుంజినంక, ఏంది పొగాకు గింత తియ్యగున్నది అన్నడు" అని పోచయ్య అంటే ఆయన ఖండించేవాడు కాదు. "రెండే దమ్ములు" అని సవరించేవాడు.

వాయించేటప్పుడు కళ్లు మూసుకునేవాడు కాదు. పెళ్లికొడుకు తల్లినో, ఎవరో ముసలమ్మనో ఎంచుకుని ఆమె ముఖమే చూస్తూ వాయించేవాడు. "అందరికి ఊదితే ఎవలకూ అందది. ఒక్కలకు ఊదితే అందరికి అందుతది" అనేవాడు.

మా అక్క పెళ్లికి లింగంపేట నుంచి ఆ మేళమే వచ్చింది. తెల్లవారుజామున ఆయన వాయించినదాన్ని విని నేను ఆగలేక, పఠన మందిరంలో చదివిన సంగీతం పుస్తకం తలుచుకుంటూ దగ్గరికి పోయి, అది ఏ రాగమని అడిగాను. ఆయన పీక తుడుచుకుంటూ నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు.

"నీ పుస్తకం ఏమంటది?"

నాకు తోచిన పేరు ఒకటి చెప్పాను.

"అయితే అదే అయి ఉంటది. మా నాయన దీన్ని పొద్దుగాల పాట అనేటోడు. ఏం పంతులూ, నీళ్ల కాడికి వస్తవా మాతోని? భాద్రపదంల పోతం."

ఆ రోజు నుంచి నేను ఆయనకు పంతులునే. నేను ఆయన్ను పెద్దబాపు అని పిలిచేవాణ్ణి.

నీళ్ల కాడికి పోవడం ఆ మేళం వాళ్ల ఆనవాయితీ. భాద్రపదంలో పెళ్లిళ్లుండవు కనుక వాయిద్యాలకు సెలవు. అప్పుడే వచ్చే ఏడాదికి కావలసిన కొత్త పీకలు కోసుకుంటారు. కొత్త పీక వెంటనే మాట వినదు. కీచుమంటుంది, బొంగురుపోతుంది, ఒక్కోసారి మేకపిల్లలా అరుస్తుంది. ఇంట్లో ఊదితే వాడకట్టంతా తిట్టిపోస్తుంది. అందుకని అడవిలో నీళ్లు దుమికే చోటికి పోయి, ఆ హోరు పక్కన కూర్చుని వాటిని దారికి తెచ్చేవారు. అక్కడ వాయించేవాడికి తన కూత తనకు వినబడదు. పెదవికి తగిలే వణుకును బట్టి స్వరం పట్టుకోవాలి. లింగంపేట నుంచి పొద్దున బయలుదేరితే పొద్దుగూకే లోపల ఇల్లు చేరవచ్చు.

మొదటిసారి వెళ్లిన రోజు ఇప్పటికీ నాకు నిద్రలో నడిచినట్టే జ్ఞాపకం. ఆయన కూతురు లచ్చవ్వ జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం మూట కట్టి భర్త సాయిలు భుజానికి తగిలించింది. నేను దుకాణం నుంచి బెల్లం ముద్ద తెచ్చాను. మబ్బు చెట్ల తలల దాకా దిగి ఉంది. మక్క చేలు దాటాక గట్ల మీద గునుగు పూలు, తంగేడు పూలు. వాటిని దాటితే తునికి పొదలు. ఆ పైన టేకు చెట్లు. టేకు ఆకులు విస్తళ్లంత ఉంటాయి. వాన ఆగినా వాటి మీది నీళ్లు ఒక ఆకు మీంచి ఇంకో ఆకు మీదికి జారుతూ చాలాసేపటికి గాని నేల చేరవు. అడవంతా నెమ్మదిగా ఏదో లెక్క వేసుకుంటున్నట్టు టపటపమంటూ ఉంటుంది. ఎక్కడో నెమలి కూసింది. కొండముచ్చు ఒకటి కొమ్మ మీద కూర్చుని మమ్మల్ని చూసి, మాతో పని లేదన్నట్టు ముఖం తిప్పుకుంది.

అడవి మధ్యలో వాగు అడ్డం వస్తుంది. మోకాలి లోతు నీళ్లు, చల్లగా, ఎర్రగా ఉన్నాయి. దాటుతుండగా ఆయన అన్నాడు:

"ఇగో పంతులూ, ఇక్కడికెంచి మాట బంద్. ముందల నీళ్ల చప్పుడు ఇనవడ్డంకనే మల్ల నోరు తెరువాలె."

"ఎందుకు పెద్దబాపూ?"

"మాట్లాడే నోటికి నీళ్లు ఇనవడయి."

మేము మాటలు మాని నడిచాం. నోరు మూసుకుంటే అడవి ఎంత పెద్దదవుతుందో ఆ రోజు తెలిసింది. నా అడుగు నాకే ఎవరో వెనక వస్తున్నట్టు వినిపించింది. ఆయన ముందు, ఆయన వెనక సాయిలు, పోచయ్య, చివర నేను. ఒక ఇప్పచెట్టు దగ్గర ఆయన హఠాత్తుగా ఆగి కుడి చెయ్యి పైకెత్తాడు. నేను చెవులు రిక్కించాను. ఆకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. సాయిలు కొంచెం సేపటికి తల ఊపాడు. ఆ తరవాత పోచయ్య. అందరికంటే చివర, గుండె చప్పుడు కింద ఇంకో చప్పుడులా, చాలా దూరంలో ఎవరో చాటలో బియ్యం చెరుగుతున్నట్టు నాకూ నీళ్లు వినబడ్డాయి.

"బెల్లం తియ్యి" అన్నాడు ఆయన. చెయ్యి ఎత్తిన చోట తీపి తినాలని వాళ్ల నియమం. ఆ చెట్టు కింద నిలబడి బెల్లం చప్పరిస్తూ ఆయన చెప్పాడు:

"మా నాయన నన్ను గిక్కడికే తోలుకొచ్చిండు. ఒక యేడు ఆయన చెయ్యి లేవలేదు. ఇంటికి పొయ్యి సన్నాయి నాకిచ్చిండు, మల్ల ముట్టలే. నేను గూడ గంతే. ఈ నీళ్లు అందని యేడు సన్నాయి పట్ట."

"నీకు గా రోజు రాది బావా" అన్నాడు పోచయ్య. "నా బెల్లం పలుకును గూడ నువ్వే మింగుతున్నవ్, నేను మొత్తుకునేది మాత్రం నీకు ఇనవడుతలేదు."

ఇంకా చాలా దూరం నడిచాక చెట్లు విడిపోయి నల్లని బండ కనిపించింది. దాని మీంచి నీళ్లు మూడు పాయలుగా దూకుతున్నాయి. పెద్ద ఎత్తేమీ కాదు. పుస్తకాల్లో చదివిన మహా జలపాతాల ముందు అది పిల్లల ఆట. కాని చుట్టూ కొండ, పైన మబ్బు, మధ్యలో ఆ తెల్లదనం. తుంపర గాలిలో ఆగి, కిందికి రావాలో వద్దో తేల్చుకోలేనట్టు ఊగుతోంది. ఆయనా సాయిలూ ఆ హోరులో కూర్చుని కొత్త పీకలు ఊదారు. వాళ్ల బుగ్గలు ఉబ్బడం కనిపిస్తోంది, శబ్దం లేదు. కలలో మనుషులు మాట్లాడినట్టు. పోచయ్య గుండం ఒడ్డున బండ మీద పడుకుని గురకపెట్టాడు. ఆ గురకా వినబడలేదు.

ఏటా వెళ్లేవాణ్ణి. రెండో ఏడు కూడా ఇప్పచెట్టు దగ్గరే చెయ్యి లేచింది. ఆ తరవాతి ఏడు ఇప్పచెట్టును దాటిపోయాం. నీళ్లు నాకు స్పష్టంగా వినిపిస్తున్నాయి. సాయిలు వైపు చూశాను. అతను నేల చూస్తూ నడుస్తున్నాడు. పోచయ్య నా మోచెయ్యి నొక్కాడు. చాలా ముందుకు పోయాక, ఏనుగు పడుకున్నట్టుండే ఒక బండ దగ్గర ఆయన ఆగి చెయ్యెత్తాడు. అందరం అప్పుడే విన్నట్టు తలలూపాం.

"ఈసారి దగ్గరికొచ్చినంక ఇనవడ్డదేంది? పంతులూ, నీ పుస్తకం ఏమంటది?"

"గాలి ఎదురుగ ఉంటే చప్పుడు దూరం పోదని రాసిన్రు పెద్దబాపూ."

"అట్లనా" అని బెల్లం నోట్లో వేసుకున్నాడు.

ఆ పై ఏడు ఏనుగు బండ కూడా దాటాం. జలపాతానికి ముందున్న వెదురు పొద దాకా పోయాక, ముఖానికి తుంపర తగిలే చోట చెయ్యి లేచింది. ఆకులు ఎక్కువ ఒత్తుగా ఉన్నాయని చెప్పాను. నేను చెప్పేవి నిజంగా పుస్తకాల్లో ఉన్నవే. ఆయన వాటిని శ్రద్ధగా వినేవాడు, నా పెదవుల వైపు చూస్తూ.

పెళ్లిళ్లలో నాకు పెద్ద తేడా తెలిసేది కాదు. పక్కన సాయిలు రెండో సన్నాయి పట్టేవాడు. వేళ్లకు వాటి దారి తెలుసు. సూత్రం కట్టే వేళ పురోహితుడు మేళమని కేకేయడానికి ముందే ఆ పురోహితుడి వేలి కదలిక చూసి అందుకునేవాడు. వాయించడం అయ్యాక మాత్రం ఒకరి తరవాత ఒకర్ని అడిగేవాడు. "మంచిగున్నదా? నిజం చెప్పు." ఎవరిని అడిగినా బాగుందనే అనేవారు. ఒకసారి గంజిలో మా దుకాణం ముందు కూర్చుని అన్నాడు: "పంతులూ, అందరు మంచిగున్నది అంటున్నరు. చిన్నప్పుడు మా నాయన ఒక్కడు మంచిగ లేదనేటోడు. గాయన మాటనే పట్టుకొని నేర్చుకున్న. ఇప్పుడు ఎవని మాట పట్టుకోవాలె?"

తరవాతి సంవత్సరం వానలు ముఖం చాటేశాయి. మక్క చేలు మోకాలెత్తున ఎండిపోయాయి. యుద్ధం రోజులు, ధరలు మండిపోతున్నాయి. భాద్రపదం వచ్చింది. అడవికి పోవద్దని లచ్చవ్వ ఎంత చెప్పినా ఆయన వినలేదు.

"పీకలు ఇంట్లనే ఊదుకోరాదు బాపూ? ఈ యేడు వాడకట్టోళ్లు ఏమనరు తియ్యి."

"కాళ్లు గుంజుతున్నయ్ బిడ్డా. జర నడిసొస్త" అన్నాడు.

అడవి ఆ ఏడు వేరే అడవి. టేకు ఆకులు దుమ్ము పట్టి, తట్టితే అట్టముక్కల్లా మోగుతున్నాయి. ఎండ చెట్ల మధ్య నుంచి పల్చగా దిగి, నేల మీద నిద్రపోతోంది. అయినా అదీ అందంగానే ఉంది, చాలా రోజులు జ్వరపడి లేచినవాడి ముఖంలా. వాగు దగ్గర ఆయన ఎప్పటిలాగే వేలు పెదవుల మీద పెట్టాడు. మేము మాటలు మాని వాగు దాటాం.

ఇప్పచెట్టు దగ్గరికి వచ్చాం. ఆయన ఆగాడు. చెయ్యెత్తాడు.

ఎన్నేళ్ల తరవాత ఆ చెట్టు కింద ఆ చెయ్యి! ఆ సంతోషంలో నేను చెవి పెట్టి వినాలని కూడా అనుకోలేదు. పోచయ్య ముఖం వెలిగిపోయింది.

"ఇనవడ్డది బావా! మంచిగ ఇనవడుతున్నది!"

సాయిలు తల ఊపాడు. నేనూ ఊపాను.

"మల్ల చెట్టు కాడికే వచ్చినం. పంతులూ, నీ పుస్తకం ఏమంటది?"

"ఆకు పల్చగున్నది, గాలి ఇటే వస్తున్నది పెద్దబాపూ. అందుకే దూరం అందుతున్నది" అన్నాను, బెల్లం మూట విప్పుతూ.

ఆయన బెల్లం పలుకు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. ఇప్ప వేరు మీద కూర్చుని మెల్లగా చప్పరించాడు. తరవాత మా ముగ్గురి కాళ్లకేసి చూశాడు.

"వాగు దాటినం గద. ఎవలి కాళ్లన్న తడిసినయా?"

మేమూ చూసుకున్నాం. చీలమండల దాకా తెల్లని దుమ్ము.

"నా చెవులు పొయినయ్" అన్నాడు ఆయన. "మీ కాళ్లకేమైంది?"

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. ఆ జారిన బుగ్గలు అదిరేలా, కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వాడు. కోపం అనుకుని మేము బిగుసుకుపోయాం. అది కోపం కాదు. చాలా కాలంగా మూసి ఉన్న గదిలో కిటికీ తెరుచుకున్నవాడి నవ్వు.

"ఎప్పటి సందిరా పోచిగా?"

పోచయ్య ముఖం తువ్వాలులో పెట్టుకున్నాడు. ఆయనకు పెదవులు కనబడాలని నేను ఆ తువ్వాలు లాగాను.

"బండ కాడి సంది బావా."

"బండ కాడి సంది" అని తనలో తాను అనుకున్నాడు. నవ్వు ఆగిపోయింది. అప్పుడు సాయిలు వైపు తిరిగాడు. అడవిలోకి వచ్చింది ఆ ప్రశ్న కోసమేనని అప్పుడు అర్థమైంది.

"పెండ్లిళ్లల్ల గూడ గిట్లనేనా? మీరు కాళ్లు చూసుకోకుంట తలకాయలు ఊపుతున్నరా? నిజం చెప్పు అల్లుడా. నువ్వు గూడ అబద్ధమాడితే ఇగ నాకు దిక్కు లేదు."

సాయిలు ఆయన ఎదుట గొంతుకూర్చుని, ముఖంలో ముఖం పెట్టి, ఒక్కో మాట విడిగా అన్నాడు:

"స్వరం తప్పుతలేదు మామా. వేళ్లు మంచిగనే ఉన్నయ్. గని నేను ఆపినంక నువ్వు ఆపుతలేవు."

"ఎంతసేపు?"

"ఒక్కోసారి జనం నవ్వెదాక."

ఆయన తల ఊపాడు. ఆ ఊపడంలో ఆయన తండ్రి మాట విన్న కుర్రవాడు నాకు కనిపించాడు. "మంచిగ చెప్పినవ్" అని సాయిలు భుజం తట్టి లేచాడు. ఇంటికి మళ్లుదామని పోచయ్య అంటే ఒప్పుకోలేదు. "పీకలు తెచ్చుకున్నం గద" అని ముందు నడిచాడు.

జలపాతం లేదు. నల్లని బండ, దాని మీద ఎండిన పాచి, నీళ్లు జారిన చోట తెల్లని చారలు. గుండం అడుగున మాత్రం దోసెడు నీళ్లు ఆకాశాన్ని పట్టుకుని ఉన్నాయి. ఆయన సాయిలును ఆ నీళ్ల పక్కన కూర్చోబెట్టి తన సొంత సన్నాయి అతని చేతిలో పెట్టాడు. సాయిలు చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఆయన ఆ చేతులు పట్టి ముందుకు లాగి, వేళ్లు ఒక్కొక్కటే రంధ్రాల మీద పేర్చాడు.

"ఊదు. పొద్దుగాల పాట."

హోరు లేని ఆ చోట సన్నాయి మొదటిసారి నిండుగా వినబడింది. బండ ఆ స్వరాన్ని అందుకుని తిరిగి పంపింది. ఆయన సాయిలు వెనక కూర్చుని అతని వీపుకు చెంప ఆనించి కళ్లు మూసుకున్నాడు. వాయిద్యం దగ్గర ఆయన కళ్లు మూసుకోవడం నేను చూసింది అప్పుడే. పాట అయిపోయాక కూడా కొంతసేపు అలాగే ఉన్నాడు. తరవాత అన్నాడు:

"రెండో మలుపు కాడ ఉరుకుతున్నవ్. మంచిగ లేదు."

సాయిలు ఏడ్చేశాడు.

"ఇగ నువ్వేం జేస్తవ్ బావా?" అన్నాడు పోచయ్య.

"సుతి పడుత."

మేళంలో శ్రుతి సన్నాయి అని వేరే ఒకటుంటుంది. దాని రంధ్రాలు మైనంతో మూసి ఉంటాయి. పెళ్లి మొదలు నుంచి ముగిసే దాకా అది ఒకే స్వరం పలుకుతుంది. సాధారణంగా నేర్చుకునే కొత్తవాళ్ల చేతికి ఇచ్చేది అది.

"అది పోరగాండ్లు పట్టేది మామా" అన్నాడు సాయిలు.

"అయితే నన్ను పోరగాడనుకో. మీరందరు ఆగినా అది ఆగొద్దు. ఆగుడే గద నాకు రానిది. పెండ్లి ఒడిసినంక ఎవలన్న చెయ్యి పట్టి గుంజున్రి, ఆపుత."

అట్లాగే చేశాడు. ఆ తరవాత పోయేదాకా ప్రతి పెళ్లిలోనూ సాయిలు పక్కన కూర్చుని, ఎప్పటిలా ఒక ముసలమ్మ ముఖం చూస్తూ, ఆ ఒక్క స్వరం పట్టుకునేవాడు. దాని మీద సాయిలు పాట తామరాకు మీద నీళ్లలా తిరిగేది. పెళ్లి అయ్యాక పోచయ్య డోలు దించి ఆయన మోకాలు తాకేవాడు. ఆయన ఆగేవాడు.

ఈ రాత నా ఒక్కడి వల్ల అయింది కాదు. ఆ దారిలో నన్ను మళ్లీ నడిపించి చెట్లనూ బండలనూ చూపిన పోచయ్యకు నా కృతజ్ఞతలు. పఠన మందిరం తాళం నా చేతికిచ్చి, కరువు రోజుల్లో కాగితాలు సంపాదించి పెట్టి, అక్షరదోషాలు దిద్దిన నర్సింలుకు. లింగంపేట దాకా ఎన్నిసార్లయినా బండిలో ఎక్కించుకున్న ఎల్లయ్యకు. రాయవద్దని మొదట చేతులు పట్టుకుని, చివరికి 'జనం నవ్వెదాక' అన్న మాట తీసేయకుండా ఉంచమని తానే చెప్పిన సాయిలుకు. అందరికంటే ఎక్కువగా లచ్చవ్వకు. ఇదంతా ఆమెకు చదివి వినిపించాను. పొయ్యి ముందు కూర్చుని విన్నది. "ఇంటికొచ్చినంక ఏమైందో నీకెరుక లేదు" అంది. "గా రాత్రి బాపు నన్ను లేవనియ్యలే. మా ఇంటాయనను పీట మీద కూసోబెట్టి, తన చేతులతోని బువ్వ వడ్డించిండు. ఆయన తిన్నంకనే తాను తిన్నడు. గది గూడ రాయి." రాశాను, లచ్చవ్వా. నీకు శతకోటి దండాలు.